తగ్గేది బండి ధరే, ఖర్చు కాదు

పది లక్షలకే బెంజ్ వస్తోందంటే ఎవరికైనా నోరూరుతుంది. హైదరాబాద్ సెకండ్‌హ్యాండ్ బజారులో పదేళ్లు దాటిన జర్మన్ సెడాన్, కొత్త క్రెటా కంటే చవగ్గా దొరుకుతోంది మరి. అయితే పాతబడేకొద్దీ తగ్గేది బండి ధరే, విడిభాగాల ధర కాదు. అరవై లక్షల కారుకి చేసిన ఎయిర్ సస్పెన్షన్, ఆ కారు పది లక్షలకి దిగిందని జాలిపడి తన రేటు తగ్గించుకోదు. దాని రబ్బరు తిత్తికి సన్నటి పగులు వచ్చిందంటే, రాత్రి సమంగా నిలబెట్టిన బండి తెల్లారేసరికి ఓ మూలకి కుంగి ఉంటుంది. పోనీలే అని తిప్పితే, కారిపోయే గాలిని నింపీ నింపీ కంప్రెసర్ కూడా కాలిపోతుంది. ఏనుగుని కొనడం తేలికే, మేపడమే కష్టం. ఇన్నోవాని ట్యాక్సీ బండి అని తీసిపారేసే లగ్జరీ ప్రియులు ఈ లెక్క మాత్రం వేయరు. నా మటుకు నేను చెప్పేదొకటే: బానెట్ మీది బొమ్మని కాదు, సర్వీస్ రికార్డుని చూడండి. కొన్న ధరలో కనీసం ఐదో వంతు రిపేర్లకని పక్కన పెట్టలేకపోతే, ఆ బేరానికి ఓ దణ్ణం పెట్టి వచ్చేయండి.