బోదకాలు - మన వైద్యవిద్య

కృష్ణా డెల్టాలో బోదకాలు నెరుగనివారు లేరు. దానికి నేడును వాడుకలోనున్న మందు డైఇథైల్ కార్బమజీను. 1947లో హెట్రజాను అను పేర దానిని లోకమున కొసగిన పరిశోధకబృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ సంగతి సభలలో విని మనము కరతాళధ్వనులు చేయుచున్నాము. ఆయన నడచిన త్రోవ యెట్టిదో విచారించువారు మాత్రము తక్కువ.

సోదరు లిరువురు గ్రహణికి బలియైరి. ఆయన మదరాసు వైద్యకళాశాలలో జేరెను. శస్త్రచికిత్సకు ఖద్దరు ధరించివచ్చినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. పిమ్మట ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, బోస్టను నగరమునకేగి, హార్వర్డునందు ఉష్ణమండలవ్యాధుల శాస్త్రమున డిప్లొమా పొందెను. పొట్టకూటికై ఆస్పత్రిలో రాత్రికూలి చేసెను. ఎండలలో బుట్టినవాడు ఎండదేశపు రోగములను మంచుకురియు పట్టణమున నేర్వవలసివచ్చుట వింతగాదా! ఆయన మందును రోగులకిచ్చి తొలుత పరీక్షించినదియు పోర్టోరికో ద్వీపముననే. 1948లో ఆయన అమెరికాలోనే కన్నుమూసెను; స్వదేశమునకు మరలి రానేలేదు.

ఈ రోగము నభ్యసించుటకు తగిన పాఠశాల మన వీథులే. దీనిని మోయు క్యూలెక్సు దోమ మురుగునీట బుట్టును. క్రిమి పిల్లలు పగలు లోపలి రక్తనాళములందు దాగి, రాత్రి వెలికి వచ్చును; కావున పరీక్షకుడు ఊరు నిదురించు వేళ ఇల్లిల్లు తిరిగి నెత్తురుబొట్టు తీయవలెను. మందు ఆ పిల్లలను చంపును గాని, ముదిరి బలిసిన కాలిని మునుపటివలె చేయజాలదు. అందుచేతనే రోగము పైకి కానరానివారికి సైతము ఏటేట మాత్రలిచ్చు పద్ధతి 2004 నుండి దేశమున విస్తరించినది. ఒడలు బాగుగనున్న మనుజుడు “నాకేల?” యని మాత్రను చూరున దోపును. ఆతని నొప్పించు విద్య యే ప్రయోగశాలలో నున్నది?

విజయవాడలో 1986లో ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయము వెలసినది. వైద్యవిద్యార్థి యొక్కొక్కడు మాసమైనను డెల్టా గ్రామమున నిలిచి, రాత్రి నెత్తురు పరీక్షించి, దోమను పట్టి గుర్తించి, మాత్ర మ్రింగనివాని కారణమును వ్రాసికొని రావలెనని నియమించుట అసాధ్యమా? అందు ఆసక్తి చూపినవారికి వేతనమిచ్చి పరిశోధనకు నిలుపవలెనని మేము కోరుచున్నాము. పిదప వారు బోస్టను వెళ్ళినను వెళ్ళుదురుగాక. చేత ఇచటి లెక్కలతో వెళ్ళుదురు. ఇదే రోగముతో బాధపడు ఆఫ్రికా వైద్యులును ఇచటికి వచ్చి నేర్వవచ్చును. సుబ్బారావుగారి పేర విగ్రహము నిలుప దలచువారు ఆ చందాను ముందుగా ఇట్టి విద్యార్థివేతనమునకు మరలింతురా?