స్లాటు ఒకరోజు.. పత్తి ఆరేది మరోరోజు

ఆదిలాబాద్: తెల్లబంగారం అమ్ముకోవడానికి కాంటా కంటే ముందు సెల్‌ఫోన్‌ను ఆశ్రయించాల్సిన పరిస్థితి 2025-26 సీజన్‌లో పత్తి రైతులకు ఎదురైంది. మద్దతు ధర పొందాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదు, స్లాట్ బుకింగ్ తప్పనిసరని భారత పత్తి సంస్థ (సీసీఐ) నిబంధన విధించింది. ఆదిలాబాద్ నుంచి జమ్మికుంట వరకు యార్డులన్నింటికీ ఇదే వర్తించింది.

పొడవు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. తేమ 8 శాతం మించితే ధరలో కోత, 12 శాతం దాటితే తిరస్కరణ. చిక్కంతా ఇక్కడే ఉంది. స్లాటు తేదీ ముందే ఖరారవుతుంది. వాన, మంచు ఆ తేదీని చూసి కురవవు. పత్తి ఆరేదాకా ఆగితే స్లాటు దాటిపోతుంది. ఆగకుండా తెస్తే సరుకు వెనక్కి వస్తుంది, బండి కిరాయి మీద పడుతుంది. చివరకు దళారి చెప్పిందే ధర. పట్టా మరొకరి పేరిట ఉన్న కౌలు రైతుకు నమోదు దశలోనే అడ్డంకి.

యాప్‌ను ఎత్తివేయడం పరిష్కారం కాదు. యార్డుల ముందు బారులు తీరిన బండ్లలో రాత్రుళ్లు గడిపిన రోజులను రైతులు మరువలేదు. వాన పడితే స్లాటును సులువుగా వాయిదా వేసుకునే వీలుండాలి. చదవలేని వారికి తెలుగు, గోండి భాషల్లో వినిపించాలి. ఫోన్ లేనివారికి వ్యవసాయ విస్తరణాధికారి వద్దే బుకింగ్ జరగాలి. కౌలు రైతుకు ప్రత్యేక నమోదు కల్పించాలి. యాప్ పంటను అనుసరించాలే తప్ప, పంట యాప్‌ను అనుసరించదు.