పుస్తకాలకి పంపిన ఐదు వందలు

2024 సెప్టెంబరు మొదటి వారం. బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీల్లో నడుంలోతు, కొన్నిచోట్ల పీకల్లోతు నీళ్లు. మేం కొందరు మిత్రులం కలిసి అన్నం పొట్లాలు, మంచినీళ్లు అందించే పనిలో దిగాం. చేతిలో ఉన్న డబ్బు మొదటిరోజే అయిపోయింది. మాలో ఒకరి ఖాతాకు చెందిన క్యూఆర్ కోడ్‌ను ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. గంట తిరగకముందే ఆయన ఫోను మోగడం మొదలైంది. యాభై, వంద, ఐదు వందలు, రెండు వేలు. ఆ నాలుగు రోజులూ ఆ ఫోను చప్పుడు వింటుంటే మనుషుల మీద నమ్మకం రెట్టింపైంది.

నీళ్లు తీశాక లెక్క రాయడానికి కూర్చున్నాం. బ్యాంకు స్టేట్‌మెంటు నిండా యూపీఐ అంకెలు. కొన్నిటికి పేరుంది, కొన్నిటికి సగం పేరే ఉంది, కొన్నిటికి అదీ లేదు. వాటి మధ్యలోనే మా మిత్రుడి జీతం, కరెంటు బిల్లు, వాళ్లబ్బాయి ఫీజు. ఏది వరద డబ్బో, ఏది ఇంటి డబ్బో విడదీయడానికే రెండు రాత్రులు పట్టింది. ఒక వరస దగ్గర నా వేలు ఆగిపోయింది. ఐదు వందల రూపాయలు. డబ్బుతోపాటు సందేశం రాసుకునే చిన్న గడిలో ఎవరో ఇంగ్లిషు అక్షరాలతో ఒక తెలుగు మాట రాశారు: పుస్తకాలకి.

మేం పుస్తకాలు కొనలేదు. బియ్యం, నీళ్ల సీసాలు, కొవ్వొత్తులు కొన్నాం. అవీ అవసరమే. కానీ ఎవరో ఎక్కడో కూర్చుని, ఆ నీళ్లలో తడిసి ముద్దయిన బడి సంచి ఒకటి ఊహించుకుని, ఆ పిల్ల కోసమని పంపిన డబ్బది. ఆ ఒక్క మాటా చదివే తీరిక కూడా మాకు లేకపోయింది. పైసా ఎవరూ కాజేయలేదు. అయినా ఇచ్చినవారి మాట తప్పాం. దానం తీసుకోవడం మన కాలంలో ఇంత తేలికైపోయింది. తీసుకున్నదానికి జవాబు చెప్పడం మాత్రం ఎవరి పనీ కాకుండా పోతోంది. నా బాధ అదే.

ద్రాక్షారామం వెళ్లినవారు భీమేశ్వరాలయం స్తంభాల మీద, గోడల మీద చెక్కిన అక్షరాలు చూసే ఉంటారు. వందల శాసనాలున్నాయక్కడ. 11, 12 శతాబ్దాల నాటివాటిలో చాలావాటి సంగతి ఒకటే: అఖండదీపం. దీపం పెట్టించినవారు ఎవరు, దానికోసం ఎన్ని గొర్రెలు ఇచ్చారు, వాటిని మేపే బాధ్యత పేరుపేరునా ఏ బోయ తీసుకున్నాడు, రోజూ దీపంలో ఎంత నెయ్యి పోయాలి అన్నది రాతి మీద ఉంటుంది. ఆ బోయ తరవాత అతని కొడుకులు, మనవళ్లు కూడా పోస్తూ ఉండాలని ఉంటుంది. ఎవరిచ్చారు, దేనికిచ్చారు, ఎవరు జవాబుదారు. వెయ్యేళ్ల కిందటి మనవాళ్లు దానం అంటే ఈ మూడూ కలిసిందే అనుకున్నారు. మా స్టేట్‌మెంటులో ఈ మూడిట్లో ఒక్కటీ సరిగ్గా లేదు.

ఇది మా నలుగురి పొరపాటుతో పోయేదైతే ఇంత రాయక్కర్లేదు. సామాజిక మాధ్యమాల్లో విరాళాలు సేకరించే పద్ధతిలోనే ఈ లోటుంది. ఫేస్‌బుక్ 2013 చివర్లో కొద్దిపాటి సంస్థలతో విరాళాల బటన్ మొదలుపెట్టింది. 2017లో పుట్టినరోజు విరాళాలు వచ్చాయి. ‘నా పుట్టినరోజుకి నాకేమీ వద్దు, ఫలానా సంస్థకివ్వండి’ అని స్నేహితులను అడిగే పద్ధతి. అదే ఏడాది నవంబరులో, గుర్తింపు ఉన్న సంస్థలకిచ్చే విరాళాల మీద తాను తీసుకునే రుసుము కూడా ఎత్తేసింది. ఈ పద్ధతి బలం ఎంతో 2018 జూన్‌లో లోకానికి తెలిసింది. అమెరికా సరిహద్దులో వలస వచ్చినవారి పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేస్తున్న రోజులవి. ఒక తండ్రినో తల్లినో బెయిలు మీద విడిపించడానికి 1,500 డాలర్లు కావాలని కాలిఫోర్నియాలోని ఒక జంట ఫేస్‌బుక్‌లో అడిగింది. టెక్సస్‌లో వలసదారులకు న్యాయసహాయం చేసే రైసెస్ అనే సంస్థ కోసం అడిగిన ఆ మొత్తం, రోజుల్లోనే 2 కోట్ల డాలర్లు దాటిపోయింది. ఇచ్చినవారు ఐదు లక్షల మందికి పైనే.

ఇంత మంచి జరిగే చోట సంస్థ చేతికి ఏమొస్తుంది? డబ్బు వస్తుంది, మొత్తంగా ఒక జమగా. ఇచ్చినవారు తమంతట తాము ఒప్పుకుంటే తప్ప వారి ఈమెయిల్ రాదు. ఆ డబ్బు మధ్యలో మరో సంస్థ ద్వారా నడిస్తే చేరడానికి నెలన్నర నుంచి రెండున్నర నెలల దాకా పట్టిన సందర్భాలున్నాయి. దాత వివరాలు అడక్కుండా ఎవరికీ ఇవ్వకపోవడం సరైనదే, అందులో తప్పు పట్టను. అయితే దాని ఫలితం చూడండి. సంస్థ దృష్టిలో దాత ఒక అంకె అవుతాడు, దాత దృష్టిలో సంస్థ ఒక బటన్ అవుతుంది. ఇద్దరి మధ్య చుట్టరికం మూడోవాడి దగ్గర ఉండిపోతుంది. ఆ మూడోవాడు తలుపు మూసేస్తే? మూశాడు కూడా. 2024 జూలై నుంచి యూరప్‌లోని అనేక దేశాల్లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ విరాళాల సదుపాయం ఆగిపోయింది. తమ దాతల పేర్లు, చిరునామాలు తమ దగ్గర రాసిపెట్టుకున్న సంస్థలు మరో దారి చూసుకుంటాయి. బటన్‌నే నమ్ముకున్నవాటికి ఎవరి తలుపు తట్టాలో కూడా తెలియదు.

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు మన పెద్దలు. హుండీలో వేసిన కానుకకు పేరుండదు, అది గుప్తదానం, దాని గొప్పతనం దానిదే. నిజమే. దాత తన పేరు దాచుకోవచ్చు. తీసుకున్నవారు మాత్రం లెక్క దాచకూడదు. మన ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. పూర్తిగా మతపరమైన సంస్థలకు వచ్చే అజ్ఞాత కానుకలను వదిలేసింది. మతంతో సంబంధం లేని ధర్మసంస్థలకు పేరూ చిరునామా లేకుండా వచ్చిన విరాళాల్లో లక్ష రూపాయలు, మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువో దాన్ని మించినదానిపై 30 శాతం పన్ను వేసింది. సామాజిక మాధ్యమాల్లో క్యూఆర్ కోడ్ పెట్టి, పేర్లు రాసుకోకుండా కూర్చునే చిన్న సంస్థల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

పన్ను మినహాయింపు సంగతీ అంతే. తమ దాతలకు ఆ మినహాయింపు దక్కే 80జీ గుర్తింపు ఉన్న సంస్థలు 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి ప్రతి దాత పేరు, చిరునామా, పాన్ వంటి గుర్తింపు సంఖ్య, ఇచ్చిన మొత్తం ఆదాయపు పన్ను శాఖకు ఏటా నివేదించాల్సి వచ్చింది. దాని ఆధారంగానే దాతకు ధ్రువపత్రం వస్తుంది. యూపీఐలో వచ్చిన డబ్బుతో పాన్ రాదు, చిరునామా రాదు. అడిగి తీసుకోవాలి. అడగనివారు మార్చి నెలాఖరున దాతలకు ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. ఎవరికి చేయాలో తెలిస్తే.

తెలుగువారికి ఇందులో ఇంకో చిక్కుంది. మన ఊళ్లో ఏ ఆపద వచ్చినా డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ల గుండె కొట్టుకుంటుంది. లింకు పెట్టగానే పంపేస్తారు. పంపినవారి చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందో మనం అడగం. భారత పౌరుడిగా ఉంటూ అక్కడ సంపాదించినది పంపితే, అది మన చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే. రూపాయల్లో పంపినా, ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి పంపినా సరే. దాన్ని తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తరవాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు, ఒకే తెలుగు, ఒకే ఊరి మీద ప్రేమ. అయినా భారత పౌరుడైన తమ్ముడు పంపినది తీసుకోవచ్చు, అమెరికా పౌరుడైన అన్న పంపినది తీసుకుంటే నేరం కావచ్చు. ఈ నిబంధన మంచిదా కాదా అన్న చర్చ వేరే చేద్దాం. నిబంధన ఉన్నంతకాలం, తెలియక తీసుకున్నామంటే చెల్లదు. పేరు తెలుసుకోవడం మర్యాదే కాదు, రక్షణ కూడా.

లెక్క చెప్పడం ఎలా ఉండాలో చూపిన ఉదాహరణ ఒకటుంది. 2014 వేసవిలో నెత్తిన చన్నీళ్లు పోసుకున్న వీడియోలు అందరం చూశాం. నరాల జబ్బు ఏఎల్‌ఎస్ కోసం సాగిన ఆ ఐస్ బకెట్ ఉద్యమంలో అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ సంస్థ తన లెక్కను శాతాలతో సహా బయటపెట్టింది: పరిశోధనకు 67, రోగుల సేవకు 20, అవగాహనకు 9, నిధుల సేకరణకు 2, చెల్లింపుల రుసుములకు 2. ఆఖరి ఆ రెండు శాతం కూడా చెప్పడం నాకు నచ్చింది. కార్డు కంపెనీకి పోయినదీ దాత డబ్బే కదా. ఆ నిధుల్లో 22 లక్షల డాలర్లు సాయం అందిన ఒక మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. పెద్ద ప్రయోగంలో అది పనిచేయడం లేదని తేలడంతో 2024లో తయారీదారులే మార్కెట్ నుంచి తీసేశారు. విరాళం ప్రతిసారీ గెలవాలని లేదు. ఏమైందో ఇచ్చినవారికి తెలియాలి, అంతే.

అదే 2014 ఆగస్టులో మన హైదరాబాదులో పాత్రికేయురాలు మంజులత కళానిధి ఆ ఐస్ బకెట్‌కు ఇంకో రూపం ఇచ్చారు. రైస్ బకెట్. ఒక బకెట్ బియ్యం, అవసరం ఉన్న ఒక మనిషి. మీ చేత్తో ఇవ్వండి, ఇంకొకరిని పిలవండి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఎదురుబొదురుగా నిలబడ్డారు గనక లెక్క అక్కడికక్కడే తేలిపోయింది. దూరం నుంచి ఇచ్చే దానాల్లో ఆ ఎదురుబొదురును తిరిగి తెచ్చేది రసీదు.

చిన్న సంస్థలవారు నాతో అనే మాట ఒకటే: ‘మాకు అకౌంటెంటు లేడండీ’. అకౌంటెంటు లేకపోయినా జరిగే పనులున్నాయి. విరాళాలకు సంస్థ పేరు మీద విడిగా ఒక ఖాతా తెరవండి, వ్యక్తుల క్యూఆర్ కోడ్ పెట్టకండి. కోడ్ పక్కనే చిన్న ఫారం పెట్టి పేరు, ఊరు, పాన్, పౌరసత్వం, ఏ పనికి అన్నవి అడగండి. ఆ రోజుదానికి ఆ రోజే రసీదు పంపండి. విజ్ఞప్తి మీద తేదీ వేయండి, అనుకున్న మొత్తం రాగానే తీసేయండి. లేకపోతే కోలుకుని ఇంటికెళ్లిన రోగి పేరు మీద మూడేళ్ల తరవాత కూడా వాట్సాప్‌లో డబ్బు అడుగుతూనే ఉంటారు. మిగిలితే ఏం చేస్తారో మొదటే చెప్పండి. విరాళం అడిగిన గోడ మీదే నెలకోసారి జమాఖర్చు పెట్టండి. దీనికంతటికీ ఒక నోటు పుస్తకం, వారానికి రెండు గంటలు ఇచ్చే రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకరు చాలు. అలాంటివారు లేని ఊరు మన రాష్ట్రాల్లో ఉందనుకోను.

ఇచ్చేవారికీ ఒక మనవి. పిన్ నొక్కే ముందు తెర మీద కనిపించే పేరు సంస్థదా, ఎవరో వ్యక్తిదా చూడండి. రసీదు అడగండి. కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపు లేకపోయినా అడగండి. అలా అడగడం అనుమానించినట్టు కాదు. మీరు మొదలుపెట్టిన మంచిపనిని చివరిదాకా నడిపించడం.

ఆ ఐదు వందల సంగతి చెప్పి ముగిస్తాను. ఆ యూపీఐ ఐడీలోనే ఫోను నంబరు ఉంది. చేశాను. తెనాలి దగ్గర పల్లెలో రిటైరైన టీచరుగారు. ఎందుకు ఫోన్ చేశానో చెప్పకముందే, ‘‘ఏం బాబూ, డబ్బు అందలేదా?’’ అన్నారు. అందిందని, మీరు రాసిన మాట చూడలేదని, బియ్యం కొన్నామని ఉన్నదున్నట్టు చెప్పాను. ‘‘బియ్యం కావద్దా మరి,’’ అన్నారావిడ. తరవాత, ‘‘పిల్లలింకా బడికి వెళుతున్నారు కదా, ఇప్పుడైనా కొనచ్చు,’’ అన్నారు.

మా డబ్బుతో కొన్నాం. వాంబే కాలనీలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయికి నోటు పుస్తకాలు, జామెట్రీ బాక్సు. పిల్ల ఫొటో తీయలేదు, దుకాణం బిల్లు ఫొటో తీసి టీచరుగారికి పంపాను. సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు.

‘‘బిల్లెందుకు బాబూ,’’ అన్నారు. కాసేపు ఆగి, ‘‘సరే, దాచుకుంటాలే,’’ అన్నారు.