చిన్న చర్చికి బీమా: ప్రీమియం కన్నా ముందు చూడవలసింది పేరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. సరిహద్దుకు ఆవల ఒడిశాలోని గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఇటువంటి విపత్తు తరువాత ఇల్లు కోల్పోయిన కుటుంబానికి ప్రభుత్వ సహాయం అందుతుంది. 2022–26 కాలానికి నిర్ణయించిన విపత్తు సహాయ నిధి నిబంధనలలో పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో రూ. 1,20,000, కొండ ప్రాంతంలో రూ. 1,30,000 చొప్పున చూపారు. రహదారులు, పాఠశాలలు, ఆరోగ్య కేంద్రాలు, పంచాయతీ ఆస్తుల మరమ్మతులకూ వాటిలో చోటుంది. ప్రార్థనా మందిరానికి లేదు. గుడి అయినా, మసీదు అయినా, చర్చి అయినా, ఎగిరిపోయిన రేకులను తిరిగి వేయించుకునే భారం ఆ ఊరి భక్తులదే.

గుజరాత్‌లో 2002 అల్లర్లలో దెబ్బతిన్న ప్రార్థనా స్థలాల విషయమై 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. మందిరాల పునర్నిర్మాణ వ్యయాన్ని ప్రభుత్వమే భరించాలన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. దెబ్బతిన్న ఇళ్ళతో సమానంగా, గరిష్ఠంగా రూ. 50,000 వరకు సహాయం చేస్తామన్న రాష్ట్ర ప్రభుత్వ పథకాన్ని ఆమోదించింది. యాభై వేలతో నేడు ఒక చిన్న చర్చి పైకప్పు కూడా పూర్తి కాదు. 2007 డిసెంబరులోను, 2008 ఆగస్టులోను కంధమాల్‌లో జరిగిన విధ్వంసాన్ని పొరుగునే ఉండి చూసిన పర్లాకిమిడి, గుణుపూరు ప్రాంతాల సంఘాలకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

కాబట్టి బీమా అవసరమా అన్న చర్చ కన్నా, ఎటువంటి బీమా అన్న చర్చే ముఖ్యం. సరిహద్దు గ్రామాలలోని చర్చిలలో అధిక భాగం వంద కుటుంబాలకు మించని సంఘాలవి. సిమెంటు గోడలు, రేకుల కప్పు, ఒక మైకు సెట్టు, కీబోర్డు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, కొన్నిచోట్ల పక్కనే పాస్టరుగారి ఇల్లు: ఆస్తి అంతే. అయితే అది కొన్నేళ్ళ పాటు కూలి డబ్బులలో నుంచి, జీడిపిక్కల రాబడిలో నుంచి వేసిన కానుకలతో కూడబెట్టినది. మరొకసారి కూడబెట్టాలంటే మరో పదేళ్ళు పట్టవచ్చు.

బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి అగ్ని బీమాలో మూడు ప్రామాణిక పాలసీలను అమలులోకి తెచ్చింది. ఇళ్ళకు భారత్ గృహ రక్ష. ఒక ప్రదేశంలోని ఆస్తి విలువ రూ. 5 కోట్లకు మించని సంస్థలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఆపైన రూ. 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. చిన్న చర్చికి వర్తించేది సాధారణంగా రెండవది. ‘ఉద్యమ్’ అన్న మాట చూసి ఇదేదో వ్యాపారులకు సంబంధించినదని సంఘ పెద్దలు కంగారు పడనవసరం లేదు. కాని దరఖాస్తులో భవన వినియోగం ‘ప్రార్థనా మందిరం’ అని స్పష్టంగా రాయించడం మాత్రం మరువరాదు. పాస్టరుగారి నివాసం వేరుగా ఉంటే దానికి గృహ రక్ష పాలసీ తీసుకోవడం మేలు. చర్చి పాలసీలోనే ఆయన ఇంటి సామాను కూడా కలిసిపోతుందని అనుకోవడం పొరపాటు.

అగ్ని బీమా అన్న పేరు ఉన్నా ఈ పాలసీ నిప్పుకే పరిమితం కాదు. పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడడం, వాహనం ఢీకొనడం, అల్లర్లు, దురుద్దేశంతో చేసిన విధ్వంసం దీని పరిధిలోకి వస్తాయి. ప్రమాదం జరిగిన ఏడు రోజులలోపు ఆ శిథిలాల నుంచి జరిగే దొంగతనానికీ రక్షణ ఉంది. తుపాను మరునాడు రేకులు, ఫ్యానులు మాయమయ్యే చోట్ల ఇది చిన్న విషయం కాదు. ఉగ్రవాద చర్యల వలన కలిగే నష్టం గురించి మాత్రం విడిగా అడిగి, పాలసీలో రాయించుకోవాలి. ఇక అధికారుల ఆదేశంతో కూల్చివేస్తే గాని, ఎవరైనా భవనాన్ని అక్రమంగా ఆక్రమించి సంఘాన్ని బయటకు గెంటివేస్తే గాని అగ్ని బీమా నుంచి పైసా రాదు. స్థల వివాదాలున్న సంఘాలు బీమా ఉన్నదన్న ధీమాతో కోర్టు వ్యవహారాన్ని వాయిదా వేయరాదు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది: పాలసీ ఎవరి పేరున ఉండాలి?

ఆస్తికి నష్టం కలిగితే తనకు నష్టం కలిగే వారే దానికి బీమా చేయించగలరన్నది బీమా చట్టంలో మూల సూత్రం. వినడానికి తేలికైన ఈ సూత్రం సరిహద్దు గ్రామంలో ఎంతో జటిలమవుతుంది. చాలా చోట్ల స్థలం ఒక విశ్వాసి నోటి మాటగా ఇచ్చినది. కొన్నిచోట్ల పట్టా చాలా కాలం క్రితం గతించిన పాస్టరుగారి పేరున ఉంటుంది. కరెంటు బిల్లు సంఘ కార్యదర్శి పేరున, బ్యాంకు ఖాతా మరొకరి పేరున నడుస్తాయి. ఏజెంటు వచ్చి అడిగినప్పుడు ఎదురుగా ఉన్న పాస్టరుగారి ఆధార్ కార్డు తీసుకొని ఆయన పేరునే పాలసీ రాసేస్తాడు. ప్రీమియం తీసుకునే రోజున ఎవరూ ప్రశ్నించరు. క్లెయిము రోజున మాత్రం మొదటి ప్రశ్న అదే: ఈ భవనం మీదా, సంఘానిదా?

పర్లాకిమిడి వంటి చోట మరో పొర ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగం. మిషనరీల కాలపు స్థలాల పత్రాలు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. నేటి రెవెన్యూ దస్తావేజులు ఒడియాలో ఉంటాయి. రెండింటిలో పేర్లు, సరిహద్దులు ఒక్కలాగే కనబడడం అరుదు. షెడ్యూల్డు ప్రాంతాలలో చిక్కు మరింత ముదురుతుంది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా ఆంధ్ర వైపున 1970 నాటి 1వ రెగ్యులేషను, ఒడిశా వైపున 1956 నాటి 2వ రెగ్యులేషను అడ్డుగా నిలుస్తాయి. అది న్యాయమైన రక్షణే. అయితే గిరిజన విశ్వాసి ఇచ్చిన స్థలంలో కట్టిన చర్చికి భూమి పత్రం చూపమంటే సంఘం ఏమి చూపుతుంది?

దీనికి దారి లేకపోలేదు. బీమా చేసేది భూమికి కాదు, భవనానికి. సంఘం డబ్బుతో కట్టిందని, సంఘమే నిర్వహిస్తున్నదని రుజువు చేసే కాగితాలు అవసరం: నిర్మాణానికి చేసిన తీర్మానం, ఖర్చుల రశీదులు, కరెంటు కనెక్షను, పంచాయతీ రశీదు. ఇవన్నీ సంఘం పేరున ఉండాలంటే ముందు సంఘానికి చట్టం దృష్టిలో ఒక పేరుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2001, తమిళనాడులో 1975, కర్ణాటకలో 1960 నాటి సంఘాల రిజిస్ట్రేషను చట్టాలు ఉన్నాయి. ఒడిశాలో 1860 నాటి కేంద్ర చట్టమే నడుస్తున్నది. మహారాష్ట్రలోనైతే 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద నమోదు కావాలి. ఏదైనా పెద్ద మిషనుకు అనుబంధమైన చర్చి అయితే ఆస్తి ఆ మిషను పేరునే ఉండవచ్చు. అప్పుడు పాలసీలో మిషను పేరు, స్థానిక సంఘం పేరు రెండూ చేర్చమని కంపెనీని రాతపూర్వకంగా కోరాలి. స్థలం స్థితి ఏదైనా దాచరాదు. దాచి తీసుకున్న పాలసీ కన్నా అసలు పాలసీ లేకపోవడమే నయం, ప్రీమియమైనా మిగులుతుంది.

పేరు తరువాత విలువ. తక్కువ మొత్తానికి బీమా చేస్తే ప్రీమియం తగ్గుతుందని, నష్టం చిన్నదైతే ఎలాగూ మొత్తం వస్తుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. చర్చిని తిరిగి కట్టడానికి రూ. 20 లక్షలు అవుతుందనుకుందాం. సంఘం రూ. 10 లక్షలకే బీమా చేసింది. తుపానులో రూ. 4 లక్షల నష్టం వాటిల్లింది. కంపెనీ ఇచ్చేది రూ. 4 లక్షలు కాదు, అందులో సగం, రూ. 2 లక్షలు. సగానికే బీమా చేశారు కాబట్టి మిగతా సగానికి మీరే బాధ్యులన్నది దాని వాదన. సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో ఈ లోటు 15 శాతం మించకపోతే కోత పెట్టరు. అంటే అదే చర్చికి కనీసం రూ. 17 లక్షలకు బీమా ఉంటే చాలు. లెక్క వేయవలసింది మాత్రం పదేళ్ళ క్రితం కట్టిన ఖర్చు కాదు, ఈ ఏడాది సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి ధరలు. స్థలం విలువ ఇందులో కలపనక్కరలేదు.

గోడలు ఏవి, కప్పు ఏది అన్న వివరం కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తాటాకు కప్పునో, మట్టి గోడనో పక్కా భవనమని రాయిస్తే క్లెయిము అక్కడే ఆగిపోతుంది. పంట రోజులలో చర్చిలో ధాన్యమో జీడిపిక్కలో నిలువ చేస్తే అదీ చెప్పవలసిందే.

మైకు సెట్టు విషయంలో సంఘాలు ఎక్కువగా మోసపోయామని భావిస్తాయి. నిజానికి అది మోసం కాదు, చదవకపోవడం. అగ్ని బీమాలో ఒక మినహాయింపు ఉంది: షార్టు సర్క్యూట్ వలనో, అధిక ఓల్టేజీ వలనో, పిడుగు వలన కరెంటు తీగలో నుంచి వచ్చిన విద్యుత్తు వలనో ఒక యంత్రం కాలిపోతే ఆ యంత్రానికి పరిహారం ఉండదు. అక్కడి నుంచి మంట వ్యాపించి కుర్చీలు, కప్పు కాలితే వాటికి ఉంటుంది. ఆంప్లిఫయరు, కీబోర్డులకు రక్షణ కావాలంటే ఎలక్ట్రానిక్ పరికరాల బీమా వేరుగా తీసుకోవాలి. దొంగతనానికి బర్గ్లరీ పాలసీ మరొకటి. దానిలోనూ ఒక నియమం ఉంది: తాళమో తలుపో పగిలిన ఆనవాలు ఉండాలి. ఇటువంటి పాలసీలో బలప్రయోగం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2004లో స్పష్టం చేసింది. తెరిచి ఉన్న కిటికీలో నుంచి చేయి పెట్టి ఎత్తుకుపోయిన మైకుకు పరిహారం ఆశించరాదు. క్రిస్మస్‌కు, ఉజ్జీవ సభలకు బయట వేసే పందిరి, అద్దెకు తెచ్చిన సామాను మామూలు పాలసీలోకి రావు. అక్కడ జనానికి గాయమైతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం పబ్లిక్ లయబిలిటీ బీమాలో ఉంది. ఏటా పెద్ద సభలు జరిపే సంఘాలకు అది అవసరం. ఆదివారం నలభై మంది కూడే చర్చికి అది మొదటి ఖర్చు కానక్కరలేదు. ఉన్న కొద్దిపాటి నిధితో ముందుగా భవనానికి సరైన విలువకు బీమా చేయించి, మిగిలితేనే తక్కినవి చూసుకోవడం వివేకం.

2025 సెప్టెంబరు 22 నుంచి బీమాపై పన్ను పోయిందన్న మాట ఊళ్ళలో బాగా వ్యాపించింది. పోయినది వ్యక్తుల జీవిత, ఆరోగ్య బీమాపై మాత్రమే. చర్చి పాలసీ ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఇక ప్రీమియం కంపెనీకి చేరిన తరువాతనే రక్షణ మొదలవుతుందని 1938 నాటి బీమా చట్టం చెబుతున్నది. ఏజెంటు జేబులో ఉన్న నోట్లకు తుపాను ఆగదు. సంఘం ఖాతా నుంచి కంపెనీ పేరున నేరుగా చెల్లించడమే క్షేమం. కంపెనీ శాఖ పాతపట్నంలో ఉందా, పర్లాకిమిడిలో ఉందా అన్నది ముఖ్యం కాదు, పాలసీ దేశమంతటా చెల్లుతుంది. చర్చి ఉన్న గ్రామం, మండలం లేదా బ్లాకు, జిల్లా, రాష్ట్రం పేర్లు తప్పు లేకుండా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకే పేరున్న ఊళ్ళు సరిహద్దుకు రెండు వైపులా ఉన్న చోట ఇది మరీ అవసరం.

నష్టం జరిగితే వెంటనే కంపెనీకి తెలిపి, శిథిలాలు తొలగించక ముందే ఫొటోలు తీయించాలి. 2024 నాటి నిబంధనల ప్రకారం కంపెనీ 24 గంటలలో సర్వేయరును నియమించాలి. నివేదిక 15 రోజులలో రావాలి. ఆపైన 7 రోజులలో నిర్ణయం చెప్పాలి. తుపాను తరువాత రోడ్లు తెగిన చోట ఈ గడువులు ఎంతవరకు నిలుస్తాయన్నది వేరే సంగతి. అయితే గడువు దాటిందని రాతపూర్వకంగా అడిగే హక్కు సంఘానికి ఉంది.

కంపెనీ కాదంటే ఎక్కడికి వెళ్ళాలి? బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాలకు రాష్ట్రాల వారీ పరిధులున్నాయి. ఒడిశాకు భువనేశ్వర్, కర్ణాటకకు బెంగళూరు, తమిళనాడుకు చెన్నై. యానాం మాత్రం పుదుచ్చేరిలో భాగమైనా హైదరాబాదు కార్యాలయం కిందికే వస్తుంది. పాస్టరుగారి ఇంటిపై ఉన్న గృహ రక్ష పాలసీకి ఈ దారి పనికివస్తుంది. సంఘం పేరున ఉన్న పాలసీకి ఈ తలుపు తెరుచుకుంటుందని నమ్మడానికి లేదు. అంబుడ్స్‌మన్ నియమాలు ప్రధానంగా వ్యక్తులకు, గ్రూపు పాలసీలకు, సొంత వ్యాపారులకు, సూక్ష్మ సంస్థలకు ఉద్దేశించినవి. సంఘానికి మిగిలిన దారి జిల్లా వినియోగదారుల కమిషను. 2019 నాటి చట్టం రిజిస్టరు అయిన, కాని సంఘాలను కూడా ‘వ్యక్తి’ నిర్వచనంలో చేర్చింది. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ప్రీమియం రూ. 5 లక్షలలోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ఆ రెండేళ్ళ లెక్క తుపాను వచ్చిన రోజు నుంచా, కంపెనీ తిరస్కరించిన రోజు నుంచా అన్న వాదన తరచూ కోర్టు దాకా వెళుతుంది. తొలి తేదీనే లెక్కపెట్టుకొని కదిలే సంఘానికి ఆ వాదనతో పనిలేదు.