నవ్వు మాటున దగ్గు

పోయిన నెల నేను ఏమీ రాయలేదు. ఎందుకని అడిగినోళ్ళకి ఇదే జవాబు. మా నాయన పోయినాడు. ఎనభై ఏడేళ్ళు. పదహారో దినం కూడా అయిపోయింది.

మా నాయన్ని ఎరిగినోళ్ళు ఏడ్చేదానికి వచ్చి నవ్వుకుంటా పోయినారు. ఆయన మాటలు అట్లాంటివి. సేలం పక్క ఒక మిల్లులో దూది బేళ్ళు విప్పే బ్లో రూములో చేరి, కార్డింగ్‌లో రిటైర్ అయినాడు. మిల్లు సంగు ఊదితే "అదిగో, మా అత్త పిలస్తా ఉంది" అని చెప్పులు వేసుకునేవాడు. రాత్రి షిఫ్ట్ ముగించి వస్తే తలంతా, మీసమంతా తెల్లగా దూది. "చూడండ్రా, మీ నాయన ఒక్క రాత్రికే ముసిలోడైనాడు" అని నడుము వంచి ఇంట్లోకి నడిచేవాడు.

1957లో మాయాబజార్ తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. మా నాయన రెండూ చూసినాడు. ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు మాదిరి, గదకి బదులు సంగటి తెడ్డు భుజాన పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. మా అమ్మ "సంగటి చల్లారిపోతా ఉంది, రాక్షసుడా!" అని అరిచేది. నా మనవళ్ళతో కూడా అదే ఆట. వాళ్ళు బడిలో చదివేది తమిళం. వాళ్ళకి వచ్చిన తెలుగు సగం పెద్దతాత ఎగతాళి మాటలే.

ఆడి పద్దెనిమిదికి హొగెనకల్ పోతే నూనె మర్దన చేసేవాళ్ళతో, "అబ్బాయా, నా లోపలంతా దూదే. పోసిన నూనె పీల్చేస్తా, చూసి పొయ్యి" అనేవాడు. చుట్టూ ఉండేవాళ్ళు పడి పడి నవ్వేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. లోపల దూది అన్నది ఎగతాళి కాదు.

వారం సెలవు అయినాక మొదటి దినం పనికి పోయి వస్తే ఆయనకి రొమ్ము పట్టేసేది. "నా రొమ్ముకి ఆదివారం రుచి తగిలింది, సోమవారం పనికి రానంటా ఉంది" అనేవాడు. మేం నవ్వేది. అదే పని ముప్పై ఏళ్ళు చేసిన నేనూ నవ్వినా. పోను పోను వారమంతా దగ్గే. బీడీ దగ్గు అనుకున్నాం. మాత్రలు మింగించినాం. రిటైర్ అయినాక నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరికి ఒక డాక్టరు "పెద్దాయన ఏం పని చేసేవాడు?" అని అడిగినాడు. అన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. దూది దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బంట. పేరు బిస్సినోసిస్. మొదట్లోనే దుమ్ముకి దూరంగా జరిగితే తగ్గుతుందంట. ఏళ్ళు గడిస్తే పాడైన ఊపిరితిత్తి మళ్ళీ బాగుపడదంట.

ముక్కుకి గొట్టం పెట్టినప్పుడు కూడా, "ఏందిరా, నా ముక్కులోనుంచి నూలు తీస్తా ఉండారా?" అన్నాడు. నర్సమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పదహారో దినం మా చిన్న మనవడు తెడ్డు తీసి భుజాన పెట్టుకుని పెద్దతాత మాదిరి నడిచినాడు. నా కోడలు లాక్కోబోయింది. మా అమ్మ ఆపి, వాణ్ణి చూసి మెల్లగా, "సంగటి చల్లారిపోతా ఉంది, రాక్షసుడా" అనింది.

మీకు చెప్పేది ఇంతే. మీ ఇంట్లో ఎవరైనా సెలవు అయినాక మొదటి దినం రొమ్ము బిగిసిందంటే, నవ్వుతా చెప్పినా సరే, వినండి. డాక్టరు అడగకపోయినా ఏ ఖాతాలో, ఎన్నేళ్ళు పని చేసినారో మీరే చెప్పండి. చట్టంలో పని వల్ల వచ్చే జబ్బుల పట్టీలో ఇది కూడా ఉంది. ముక్కుకి గుడ్డ కట్టుకునేదానికి సిగ్గుపడొద్దు.

మా నాయన మమ్మల్ని నవ్వించినాడు. ఆ నవ్వులో ఆయన దగ్గు మాకు వినపడలేదు. మీకు వినపడాల.

వచ్చే నెల కలుద్దాం.