వాళ్ళమ్మకి మా అమ్మ - మా అమ్మకి ఎవరు?

మా బడి హాజరుపట్టీలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పేరు ఎదురుగా ఇరవై రోజులు వరసగా గైర్హాజరు పడింది. పైకి పంపే కాగితాల్లో దీనికి 'డ్రాపవుట్' అని పేరు. మేము వాడకి పోయి చూశాం. ఒక్క గది ఇల్లు. నులకమంచం మీద అమ్మమ్మ. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నడుం కింద పుండు. పిల్ల సత్తుగిన్నెలో వేణ్ణీళ్ళు పెట్టుకుని పాతచీర పేలికతో తుడుస్తోంది. "మీ అమ్మ ఏదమ్మా?" అని అడిగాం. "హైదరాబాదులో సార్. అక్కడ ఒక మామ్మగారిని చూసుకుంటంది" అంది.

చదివేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మా వాడ తల్లి పోయి పరాయి తల్లి ఒళ్ళు తుడుస్తోంది. ఆమెని కన్నతల్లి ఇక్కడ పుండుపడి మూలుగుతోంది. ఆ పుండుకి మా పిల్ల చదువు బలి. ఈమధ్య పెద్దమనుషులు 'హోం కేర్ నాణ్యత' గురించి తెగ బాధపడిపోతున్నారు. వచ్చే ఆడవాళ్ళకి శిక్షణ లేదట, నమ్మకం లేదట, నెల తిరక్కుండా మానేస్తున్నారట. సరే, నాణ్యత గురించి మేమూ మాట్లాడతాం. అయితే మంచం మీది మనిషితో పాటు మంచం పక్కన చాప మీద పడుకునే మనిషి గురించి కూడా మాట్లాడతాం.

ఆ తల్లి ఊరికొచ్చినప్పుడు అడిగి తెలుసుకున్నాం. చేరిన రోజు ఏజెన్సీవాడు అడిగినవి రెండే ప్రశ్నలు: మీరేమిట్లు? ఎన్నాళ్ళుంటావు? చీటీలో 'ఇరవైనాలుగు గంటల డ్యూటీ' అని రాశాడు. ఇరవైనాలుగు గంటలూ మేలుకుని ఉండే మనిషి లోకంలో ఉందా? వారానికో సెలవు లేదు. ఇంటివాళ్ళు ఏజెన్సీకి ఎంత కడుతున్నారో ఆమెకి తెలియదు. ఆమె చేతికి ఎంత వస్తోందో ఇంటివాళ్ళకి తెలియదు. మధ్యలోవాడికి మాత్రం రెండూ తెలుసు.

కదల్లేని మనిషిని రెండుగంటలకోసారి పక్కకి తిప్పాలని, లేకపోతే పుండు పడుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. వెల్లకిలా పడుకున్న మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందని చెప్పలేదు. తన నడుం విరక్కుండా ఇంకో మనిషిని ఎట్లా లేపాలో చూపించలేదు. ఆమె అంతా రోగి మీదే నేర్చుకుంది. పొరపాటు జరిగితే ఇంటివాళ్ళు ఆమెని తిడతారు. ఏజెన్సీ ఆమెని తీసేసి ఇంకొకామెని పంపుతుంది. ఆ వచ్చినామెకీ ఏమీ నేర్పరు. ఇదీ వీళ్ళ నాణ్యత!

ఇంకా వినండి. మామ్మగారి మలమూత్రాలు ఎత్తేది ఆమే. నోట్లో ముద్ద పెట్టేదీ ఆమే. వంటింట్లోకి మాత్రం రాకూడదు. గ్లాసు వేరు, కంచం వేరు. బాల్కనీలో కడిగి బోర్లించుకోవాలి. ఆ చెయ్యి పెట్టిన ముద్ద మామ్మగారి గొంతు దిగుతుంది గానీ, ఆ చెయ్యి తగిలిన బిందె మైలపడుతుందట! "మా ఇంటిమనిషిలాగే చూసుకుంటాం" అని అంటారు. ఇంటిమనిషికి వేరే గ్లాసుంటుందా అయ్యా? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసి 1950 నుంచి అమల్లో ఉంది. అపార్ట్‌మెంటుకి వచ్చేసరికి అది లిఫ్టు దగ్గరే ఆగిపోతోంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జబ్బుమనిషిని కడగటం నీచమైన పని అని మేము అనటం లేదు. సావిత్రీబాయి ఫూలే ప్లేగు సోకిన పిల్లవాణ్ణి మోసుకుపోయి, అదే జబ్బు తగిలి 1897లో ప్రాణాలిచ్చింది. ఆ తల్లి వారసులం మేము. ఆ పనిని వాడకి అప్పజెప్పి, వాడలోనూ ఆడోళ్ళకి అప్పజెప్పి, తక్కువ కూలి కట్టి, పైగా మైల అంటగట్టటం నీచం. వెట్టికి 'సేవ' అని కొత్త చొక్కా తొడిగారు. సేవ అంత పుణ్యమైతే అన్ని కులాలూ వంతులేసుకుని చెయ్యండి, మేమూ మా వంతు చేస్తాం.

ఇక మా ముసలోళ్ళ సంగతి. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం తెచ్చారు. పిల్లలు చూడకపోతే నెలకి 10,000 దాకా భరణం ఇప్పించవచ్చంది. వదిలేస్తే మూడునెలల దాకా జైలంది. ఆస్తులున్నోళ్ళకి బాగానే ఉంది. మా ముసలమ్మ ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి? కూతురు వదిలెయ్యలేదు, కూటికోసం పోయింది. అదే చట్టం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో 150 మంది నిరుపేదలకి చోటు అని రాసి, ప్రభుత్వం 'పెట్టవచ్చు' అంది. పిల్లలకైతే 'చెయ్యాలి'. సర్కారుకైతే 'చెయ్యవచ్చు'. ఎవరి కోసం రాసిన వ్యాకరణం ఇది?

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఇంటిదగ్గర సాయం, సహాయకులు ఉండాలని 5వ సెక్షన్ చెబుతోంది. ఎక్కువ సాయం కావాల్సినవాళ్ళకి సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్‌లో ఉంది. ఆ సాయం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చని 38వ సెక్షన్‌లో ఉంది. ఆ దరఖాస్తు మీ వాడలో ఎవరైనా కళ్ళతో చూశారా?

కేంద్రం వృద్ధాప్య పింఛనులో తన వాటాగా 79 ఏళ్ళ దాకా ఇచ్చేది నెలకి 200. 2007 నుంచీ అదే 200. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధులకి 4,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి 15,000 ఇస్తున్నారు. మంచిదే. అది భిక్ష కాదు, మన హక్కు. మా ముసలమ్మకి వచ్చేది 4,000. ఆ పెద్ద పింఛనుకి సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌కి ఆస్పత్రికి పోవాలి. లేవలేని మనిషి లేవలేదని రుజువు చేసుకోటానికి లేచి పోవాలి! పోనీ డబ్బొచ్చిందే అనుకోండి. నోట్లు మనిషిని పక్కకి తిప్పవు. పుండు కడగవు.

ఇది చెయ్యలేని పని కాదు. కేరళ ప్రభుత్వం 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించింది. అక్కడ పంచాయతీ తరపున నర్సు ఇంటికొచ్చి పుండు కడుగుతుంది, ఇంటివాళ్ళకి నేర్పిపోతుంది. రాజ్యాంగం 41వ అధికరణం ముసలితనంలో, జబ్బులో, అంగవైకల్యంలో సర్కారు సాయం ఉండాలంది. శక్తి మేరకు అని కూడా అంది. సర్కారు శక్తి మన గూడేల దగ్గరకొచ్చేసరికే ఎందుకు చచ్చుబడుతుంది?

మనల్ని మనమూ అడుగుదాం. జై భీం అని గొంతెత్తే మగవాళ్ళం మనలో ఎంతమందిమి కన్నతల్లి మంచం పక్కన గిన్నె పట్టుకున్నాం? పెళ్ళామో కూతురో చూసుకుంటుందిలే అని మీటింగులకి పోలేదా? మనువు మన ఇళ్ళల్లోనూ కాపురం చేస్తున్నాడు.

అందుకే మేము అడుగుతున్నాం. మంచాన పడ్డ ప్రతి మనిషి ఇంటికీ నర్సు రావాలి. సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరే వాడకి రావాలి. ఇళ్ళల్లో రోగుల్ని చూసుకునే ఆడవాళ్ళకి సర్కారు ఖర్చుతో శిక్షణ, కనీస వేతనం, పని గంటలు, వారానికో సెలవు ఉండాలి. ఇంటివాళ్ళు కట్టేదెంతో, ఆమెకి దక్కేదెంతో ఒకే కాగితం మీద రాసి ఇద్దరికీ ఇవ్వాలి. వేరే గ్లాసు పెట్టిన ఇంటిమీద కేసు పెట్టాలి.

వచ్చే గ్రామసభకి మంచాన పడ్డ మన పెద్దల పేర్లు రాసుకుని రండి. ఒక్కో పేరు పక్కన, వాళ్ళని చూసుకోటానికి బడి మానేసిన పిల్ల పేరు కూడా రాయండి.

మా పిల్ల పేరు మేము హాజరుపట్టీలోంచి కొట్టెయ్యలేదు. కొట్టెయ్యం. సాయంత్రాలు మా సంఘంవాళ్ళం వంతులేసుకుని ఆ ఇంటికి పోతున్నాం. పుండు కడగటం నేర్చుకుంటున్నాం. కానీ సర్కారు చెయ్యాల్సిన పనిని మా రెండు చేతులతో కప్పిపుచ్చం.

వాళ్ళమ్మకి మా అమ్మ ఉంది. మా అమ్మకి ఎవరో తేల్చి చెప్పండి.

జై భీం!