మేఘాధిపతికి ఆడిట్ లేదు

కొడైకెనాల్ వెళ్ళినవాళ్ళు సరస్సులో పడవెక్కుతారు, కోకర్స్ వాక్‌లో పొగమంచు ముందు నిలబడి ఫోటో దిగుతారు, చాక్లెట్లూ యూకలిప్టస్ నూనే కొనుక్కుని కొండ దిగుతారు. అదే కొండ మీద, సముద్రమట్టానికి 2,343 మీటర్ల ఎత్తున, సౌర వేధశాల ఒకటుంది. పగటిపూట సందర్శకులను లోపలికి రానిస్తారు. చీకటి గదిలో తెర మీద ఆ క్షణపు సూర్యబింబాన్ని పరుస్తారు. మబ్బు పట్టకపోతే బింబం మీద నల్లటి మచ్చలు కనిపిస్తాయి. పక్కన వర్ణపటం, దాన్ని అడ్డంగా కోస్తూ నల్లని గీతలు. పక్క భవనంలో 1950ల చివర్లో మొదలైన టన్నెల్ టెలిస్కోపు ఉంది. బురుజు మీది అద్దం పట్టిన వెలుగు 60 మీటర్ల సొరంగంలోకి వెళ్ళి 34 సెంటీమీటర్ల సూర్యుడిగా పడుతుంది. ఆ కొలతలో మన భూమి మూడు మిల్లీమీటర్లు, పెసరగింజకు కాస్త తక్కువ.

ప్రత్యక్ష దైవమని మనం రోజూ దణ్ణం పెట్టే సూర్యుణ్ణి తీరిగ్గా, కళ్ళు పోకుండా చూడగలిగే చోటు ఇది. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ బింబం కాదు, ఈ వేధశాల పుట్టుకకు వెనకున్న కారణం. ఇది కరువులోంచి పుట్టింది.

1876-78 నాటి ఆ మహాక్షామాన్ని రాయలసీమ ధాత కరువంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది ఆకలితో చచ్చారు. ఆ రోజుల్లోనే, 1877లో, విలియం హంటర్ అనే బ్రిటిష్ అధికారి ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చాడు. సూర్యుడి మచ్చలు సుమారు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి కదా, అవి తగ్గిన కాలంలోనే దక్షిణాదిన వానలు తగ్గి కరువొస్తుందని. పాలకులకు ఎంత అనువైన మాట! ఒకపక్క ధాన్యం ఓడలెక్కి విదేశాలకు పోతోంది, కరువు పనుల్లో కూలీ తిండిలో కోత పడుతోంది. తప్పు మాత్రం తొమ్మిది కోట్ల మైళ్ళ దూరాన ఉన్న సూర్యుడిది! గ్రహచారం మీదికి నెట్టడం మన పురోహితులకే తెలిసిన విద్య కాదన్నమాట.

అయినా ఆ ఊహను వాళ్ళు పరీక్షకు పెట్టారు, అదీ తేడా. సూర్యుణ్ణి నిత్యం గమనిస్తే వానల గుట్టు దొరుకుతుందన్న ఆశతో వేధశాల కావాలన్నారు. మద్రాసు వేధశాల పని 1899లో కొడైకెనాల్ కొండెక్కింది. 1904 నుంచి కాల్షియం వెలుగులో తీసిన సూర్యుడి ఫోటోలు అక్కడున్నాయి, నూరేళ్ళ పైబడిన దస్త్రం. అదే ఏడాది భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్‌ది గణితశాస్త్రం. ఈ వేధశాలా ఆయన కిందిదే. మచ్చల లెక్కనూ వానల లెక్కనూ పక్కపక్కన పెట్టి చూశాడు. పనికొచ్చే సంబంధం తేలలేదు. తేలలేదనే చెప్పాడు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది వాయుపీడనం ఒకచోట పెరిగితే మరోచోట తగ్గే ఊగిసలాటను ఆయన గుర్తించింది ఈ వెతుకులాటలోనే. ఎల్ నినో ఏడాది అని నేటి పత్రికలు రాసేదానికి ఆ ఊగిసలాటే సగం పునాది.

కొండ మీది ఈ వేధశాలలో పనిచేసిన శాస్త్రవేత్త ఎవర్‌షెడ్‌దీ ఇలాంటి కథే. మచ్చలు తుపానులా సుడి తిరుగుతున్నాయేమోనని 1909 జనవరిలో వాటి వర్ణపటం పరిశీలించాడు. సుడి కనిపించలేదు. వాయువు మచ్చ నడుమ నుంచి అంచులకు పారుతోంది. అనుకున్నది వదిలేసి కనిపించింది రాశాడు. శాస్త్రంలో ఇప్పుడది ఎవర్‌షెడ్ ప్రభావం.

ఇప్పుడు మన ఉగాదికి రండి. ప్రభుత్వ వేదిక, ముఖ్యమంత్రి, శాలువాలు, టీవీలో ప్రత్యక్ష ప్రసారం. సిద్ధాంతి గారు నవనాయకుల్ని ప్రకటిస్తారు. ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతి రాజు. సూర్యుడు ఆర్ద్రలో అడుగుపెట్టిన రోజు ఏ వారమో ఆ గ్రహం మేఘాధిపతి. ఇన్ని ఆఢకాల (అదొక పాత కొలత) వాన అని ఒక అంకె కూడా చెప్తారు. వారాలకు పేర్లు పెట్టుకున్నది మనుషులు. ఆ పేర్లు చూసి మబ్బులు కురుస్తాయా? అనంతపురానికీ కోనసీమకూ మేఘాధిపతి ఒక్కడే. సగటున అనంతపురంలో కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, కోనసీమలో దాదాపు దానికి రెట్టింపు. ఒకే అధికారి రెండు జిల్లాల్లో ఇంత పక్షపాతం చూపిస్తే మనం అర్జీ పెట్టేవాళ్ళం.

సూర్యుడి ప్రభావం నిజమే కదా, సౌర తుపానుకు 1989లో కెనడాలోని క్విబెక్ చీకటైపోయింది కదా అని వాదించేవాళ్ళున్నారు. నిజమే. ఆ తుపాను తెగ్గొట్టింది కరెంటు వ్యవస్థను. మీది వృషభమా తులా అని అడిగి ఒకరింట్లో దీపం ఉంచి, పక్కింట్లో ఆర్పలేదు.

పంచాంగాన్ని ప్రశ్నించడం పరాయి విద్య అనేవాళ్ళకు చింతామణి రఘునాథాచారి పేరు గుర్తుచేయాలి. మద్రాసు వేధశాలలో సహాయకుడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గమనించడానికి ఆయన వనపర్తి వచ్చాడు. అదే రోజు గుంటూరులో ఫ్రెంచివాడు జాన్సెన్ వర్ణదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని పరీక్షించాడు. ఎందరో తలుపులు మూసుకుని, దర్భలు వేసుకుని కూర్చున్న గ్రహణం అది. పాత లెక్కలు ఆకాశంతో సరిపోవడం లేదని రఘునాథాచారి కుండబద్దలు కొట్టాడు, కంటికి కనిపించేదానితో సరిచూసిన దృగ్గణిత పంచాంగం ప్రచురించాడు. గ్రహణాల వేళలు కచ్చితంగా కావాలనుకున్నవాళ్ళకు ఆ దిద్దుబాటు పనికొచ్చింది. ఫలితాల పేజీలను మాత్రం అలా ఆకాశం ముందు నిలబెట్టే అలవాటు మనకు రాలేదు.

వాట్సాప్‌లో తిరిగే ‘సూర్యుడు ఓంకారం పలుకుతున్నాడు’ వీడియో సంగతీ చూద్దాం. సూర్యుడి ఉపరితలం కంపించే మాట వాస్తవం, ఒక్కో కంపనానికి సుమారు అయిదు నిమిషాలు. మన చెవి సెకనుకు కనీసం ఇరవై కంపనాలుంటే గానీ పట్టదు. వేల రెట్లు వేగం పెంచి తయారుచేసిన శబ్దంలో ఎవరికి కావలసింది వాళ్ళు వింటారు.

ఉగాది వేదిక మీద చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కొత్త పంచాంగం విప్పేముందు సిద్ధాంతి గారు పోయిన ఏటి వాన పేజీ చదవాలి. వాతావరణ శాఖ అధికారి లేచి, ఆ ఏడాది జిల్లాలవారీగా కురిసిన మిల్లీమీటర్లు చదవాలి. శాలువా ఆ తరవాత కప్పొచ్చు.